నేతన్నకు సంఘమే అండ: కొండా లక్ష్మణ్ బాపూజీ నడిచిన సహకార బాట

కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు వినగానే మనకు ముందుగా గుర్తొచ్చేది తెలంగాణ ఉద్యమమే. 1969లో మంత్రి పదవిని వదులుకున్న నాయకుడు ఆయన. హుస్సేన్ సాగర్ పక్కనున్న తన ఇంటిని ఉద్యమానికి వేదికగా ఇచ్చిన పెద్దమనిషి. తొంభై అయిదేళ్లు దాటిన వయసులోనూ ఢిల్లీ చలిలో దీక్షకు కూర్చున్న వృద్ధుడు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, సభల్లో చెప్పుకుంటున్నాం. కానీ ఆయన జీవితంలో వీటంత ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. అది చేనేత సహకార సంఘాల పని.

పేదరికానికి మందు దానం కాదు, జాలి కాదు, ఒకరి మీద ఒకరు ఆధారపడి నడుపుకునే సంఘం అని నమ్మిన మనిషి బాపూజీ. ఆ నమ్మకం ఎక్కడ పుట్టింది, ఎంతవరకు గెలిచింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఈరోజు కరీంనగర్, ఆదిలాబాద్, సిరిసిల్ల వైపు బతుకుతున్న చేతివృత్తుల కుటుంబాలకు పాత ముచ్చట కాదు. రోజూ ఎదురయ్యే ప్రశ్న.

వాంకిడి నుంచి హైదరాబాద్ దాకా

లక్ష్మణ్ 1915 సెప్టెంబర్ 27న అప్పటి ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో పుట్టారు. ఇప్పుడది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా. పద్మశాలి కుటుంబం. మూడేళ్ల వయసులోనే తల్లిని పోగొట్టుకున్నారు. చదువు రాజురా, ఆసిఫాబాద్, ఆ తర్వాత హైదరాబాద్‌లో సాగింది. రాజురా ఇప్పుడు మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలో ఉంది కానీ ఆ రోజుల్లో నిజాం సంస్థానంలోదే. ఆ ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, అడవి గూడెంలో గోండీ, కచ్చేరిలో ఉర్దూ నడిచేవి. అక్కడ పెరిగిన పిల్లవాడికి నాలుగు భాషల మనుషుల కష్టం చెవిన పడుతుంది.

న్యాయశాస్త్రం చదివి 1940లో హైదరాబాద్‌లో వకీలుగా పని మొదలుపెట్టారు. చదువుకునే రోజుల్లోనే గాంధీ ప్రభావం ఆయన మీద పడింది. ఆంధ్ర మహాసభలో తిరిగారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్నారు. 1947 డిసెంబర్ 4న కింగ్ కోఠి దగ్గర ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కారుపై నారాయణరావు పవార్ బాంబు విసిరిన కేసులో నిందితుల జాబితాలో బాపూజీ పేరు కూడా చేరింది. ఆయన అజ్ఞాతంలోకి వెళ్లారు. 1948 సెప్టెంబర్‌లో సంస్థానం భారతదేశంలో కలిసింది.

ఈ ఘట్టాన్ని ఎవరు ఏ కోణం నుంచి చూసినా, ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. బాపూజీ ఎంచుకున్న బతుకుదెరువు సమస్యకు మతం లేదు. పత్తి ఏకే దూదేకులవారు, రంగులద్దే రంగ్రేజులు, మగ్గం మీద కూర్చునే పద్మశాలీలు, ఔరంగాబాద్‌లో హిమ్రూ నేసిన ముస్లిం కళాకారులు, ఉత్తరాదిలో కబీరుదాసును తమవాడిగా చెప్పుకునే జులాహాలు – వీళ్లందరినీ పట్టి పీడించిన అప్పు ఒకే రకం అప్పు.

నేతగాడు ఎందుకు పేదవాడు?

నేత పనికి మూడు మెట్లు ఉంటాయి. నూలు కొనడం ఒకటి. బట్ట నేయడం రెండోది. నేసిన బట్టను అమ్మడం మూడోది. ఇందులో నేతగాడి చేతిలో ఉన్నది మధ్య మెట్టు మాత్రమే. పైదీ, కిందిదీ షావుకారు చేతిలో ఉంటాయి. నూలు అప్పుగా ఇచ్చేది ఆయనే, బట్ట ధర కట్టేది ఆయనే. నూలు ధర పెరిగితే ఆ భారం నేతగాడి మీద పడుతుంది. బట్ట ధర పెరిగితే ఆ లాభం షావుకారు పెట్టెలో పడుతుంది. ఇంటిల్లిపాది పొద్దున్నుంచి రాత్రిదాకా కష్టపడ్డా, అంటే భార్య కండెలు చుట్టి, ముసలి తండ్రి పడుగు సరిచేసి, కొడుకు మగ్గం మీద కూర్చున్నా, నెలాఖరుకు లెక్క చూస్తే బాకీ మిగిలేది.

అంటే నేతగాడికి పనితనం లేక పేదవాడు కాలేదు. సోమరితనం వల్ల అసలే కాలేదు. తన సరుకు మీద తనకు అధికారం లేక పేదవాడయ్యాడు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఈ సంగతి మరీ బయటపడింది. మిల్లుల బట్ట సైన్యానికి పోయింది. నూలు దొరకడం కష్టమైంది. ప్రభుత్వం కంట్రోలు పెట్టింది, పర్మిట్లు వచ్చాయి. పర్మిట్లతో పాటే బ్లాక్ మార్కెట్ కూడా వచ్చింది. నూలు ఉన్నవాడు రాజు, మగ్గం ఉన్నవాడు బిచ్చగాడు అయ్యాడు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి ఎందరో నేతగాళ్లు మగ్గాలను అటకెక్కించి షోలాపూర్, భివండి, బొంబాయి మిల్లుల దారి పట్టిన చరిత్ర మనకు తెలుసు. ఆ వలస యుద్ధానికి ముందే మొదలైంది, తర్వాతా ఆగలేదు. ఇవాళ్టికీ భివండిలో, షోలాపూర్‌లో తెలుగు మాట్లాడే వాడలు ఉన్నాయంటే కారణం అదే.

సంఘం అంటే ఏమిటి?

సహకార సంఘం అన్న ఆలోచన బాపూజీ కనిపెట్టింది కాదు. జర్మనీలో పంతొమ్మిదో శతాబ్దంలో రైఫైజెన్ అనే ఊరి మేయరు వడ్డీ వ్యాపారుల నుంచి రైతులను బయటపడేయడానికి పరపతి సంఘాలు పెట్టించాడు. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 1844లో కొందరు కార్మికులు కలిసి సొంత దుకాణం తెరిచారు. వాళ్లలో నేతగాళ్లు కూడా ఉన్నారన్నది మనం గమనించాలి. ఆ ఆలోచనే 1904 చట్టంతో బ్రిటిష్ ఇండియాకు, 1914 నాటికి హైదరాబాద్ సంస్థానానికి వచ్చింది.

కానీ సంస్థానంలో అది ఎక్కువగా అప్పులిచ్చే సంఘంగానే ఉండిపోయింది. అప్పు ఒక్కటే ఇస్తే నేతగాడికి లాభం లేదు. అప్పు తెచ్చి అదే షావుకారు దగ్గర నూలు కొని, అదే షావుకారుకు బట్ట అమ్మితే డబ్బు మళ్లీ అటే పోతుంది. అందుకే చేనేతలో సంఘం రెండు కొసలూ పట్టుకోవాలి. నూలు మిల్లు నుంచి టోకున తెచ్చి సభ్యునికి ఇవ్వాలి. నేసిన బట్టను మజూరీ కట్టి తీసుకుని తనే అమ్మాలి. మిగిలిన లాభంలో బోనస్ పంచాలి, కొంత పొదుపు కింద కట్టాలి.

బాపూజీ పట్టుకున్నది ఈ సూత్రాన్నే. ఊళ్లలో ప్రాథమిక సంఘాలు, వాటన్నిటికీ పైన హైదరాబాద్‌లో ఒక కేంద్ర సంఘం. హైదరాబాద్ చేనేత కార్మికుల కేంద్ర సహకార సంఘాన్ని నిలబెట్టడంలో ఆయన ముందు నిలిచారు. ఒక ఊరి సంఘం మిల్లుతో బేరం ఆడలేదు. నూరు సంఘాలు కలిసి ఒక కేంద్ర సంఘమైతే మిల్లు యజమాని కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఒక ఊరి సంఘం పట్నంలో దుకాణం తెరవలేదు. కేంద్ర సంఘం తెరవగలదు. ఇంత సాదా లెక్క ఇది. కానీ దీన్ని నడిపించాలంటే ఊరూరా తిరగాలి, వాటా ధనం కట్టించాలి, షావుకారు కోపానికి ఓర్చుకోవాలి, లెక్కలు పక్కాగా రాయించాలి. చదువుకున్న వకీలు, అందులోనూ కులంలో పెద్దమనిషి దగ్గరుండి చెప్తే జనం నమ్మారు.

కాలం కూడా కలిసొచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్ట మీద సెస్సు వేసి ఆ డబ్బును చేనేతకు, ఖాదీకి ఖర్చుపెట్టే చట్టం వచ్చింది. ఆ సాయం నేతగాడికి చేరే దారి సహకార సంఘమే అయింది. సంఘంలో ఉన్నవాడికి రాయితీ, రుణం, షెడ్డు. బయట ఉన్నవాడికి షావుకారు. తెలంగాణలో చేనేత సంఘాలు బలపడిన కాలం అదే.

శాసనసభలో నేతన్న మనిషి

1952లో మొదటి ఎన్నికల్లో బాపూజీ ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్ శాసనసభకు గెలిచారు. 1957లో నల్లగొండ జిల్లా చిన్నకొండూరు నుంచి గెలిచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతి అయ్యారు. తర్వాత భువనగిరి నుంచి 1967, 1972లో ఎన్నికయ్యారు. పుట్టింది అడవి జిల్లాలో, గెలిచింది ఎక్కువసార్లు నల్లగొండలో. ఎందుకంటే పోచంపల్లి, కొయ్యలగూడెం చుట్టుపక్కలంతా నేతన్నల ఊళ్లు. ఆ ఊళ్లతో ఆయనకున్న బంధం ఓట్లకంటే పాతది.

దామోదరం సంజీవయ్య, కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గాల్లో మంత్రిగా చేశారు. చేనేత ఒక్కటే కాదు, గీత కార్మికులు, ఇతర చేతివృత్తులవాళ్లు కూడా సంఘాలుగా ఏర్పడాలన్నది ఆయన పట్టుదల. వృత్తి ఏదైనా రోగం ఒక్కటే కాబట్టి మందూ ఒక్కటే అన్నది ఆయన లెక్క. కల్లు గీసేవాడికి కాంట్రాక్టరు, చేపలు పట్టేవాడికి చెరువు వేలం పాడుకున్న పెద్దమనిషి, నేసేవాడికి నూలు షావుకారు – పేర్లు వేరు, పని ఒక్కటే.

ఆయన సొంత జిల్లాలోనే దీనికి మంచి నమూనా ఉంది. నిర్మల్ బొమ్మల కళాకారులు 1955లో సహకార సంఘంగా ఏర్పడ్డారు. పొణికి చెక్కతో పండ్లు, పక్షులు, బొమ్మలు చెక్కి రంగులు వేసే నకాషీ కుటుంబాలు ఒక కప్పు కింద పనిచేసి, ఒకే దుకాణంలో అమ్ముకునే ఏర్పాటు చేసుకున్నాయి. సంస్థానాలు పోయి పాత పోషకులు కరువైన కాలంలో ఆ కళ బతికి బట్టకట్టిందంటే అందులో సంఘం పాత్ర ఉంది.

కరీంనగర్ జిల్లాలో ఇంకో నమూనా 1956లో మొదలైంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి రైతులతో సహకార బ్యాంకు, మార్కెటింగ్ సంఘం పెట్టించారు. పద్నాలుగు ఊళ్ల రైతులు. సంఘమే అప్పు ఇస్తుంది, ఎరువు ఇస్తుంది, పంట కొంటుంది, విత్తనం తయారుచేసి అమ్ముతుంది. అంటే బాపూజీ చేనేతలో చెప్పిన రెండు కొసలూ పట్టుకునే సూత్రమే ఇక్కడ సేద్యంలో అమలైంది. ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్న ఆ సంఘాన్ని చూడడానికి దేశమంతటి నుంచి మనుషులు వస్తారు. 2000లో ఆ చుట్టుపక్కల మహిళలు సొంతంగా పాల డెయిరీ కూడా పెట్టుకున్నారు. ఇప్పుడు 'స్వకృషి' పాల ప్యాకెట్ అంటే తెలియనివాళ్లు ఆ వైపు లేరు.

పదవి వదిలి, సంఘాన్ని వదలక

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు బాపూజీ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ తర్వాత రాష్ట్రం వచ్చేదాకా పదవి తీసుకోనని పట్టుబట్టారు, మాట నిలుపుకున్నారు. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టింది ఆయన ఇల్లు జలదృశ్యంలోనే. ఆ ఇంటిని తర్వాత ప్రభుత్వం కూల్చివేసింది. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు.

చాలామంది ఆయన తెలంగాణవాదాన్నీ, సహకార పనినీ వేర్వేరుగా చూస్తారు. నిజానికి రెండింటి వెనక ఉన్నది ఒకే ఆలోచన. ఒక ఊరి నేతగాడు తన నూలు మీద, తన బట్ట మీద అధికారం తనకే ఉండాలంటాడు. ఒక ప్రాంతం తన నీళ్ల మీద, కొలువుల మీద అధికారం తనకే ఉండాలంటుంది. సంఘం చిన్న స్వరాజ్యం, రాష్ట్రం పెద్ద సంఘం. ఆయన జీవితం మొత్తాన్ని ఈ దారంతోనే కలిపి చూడాలి.

2012 సెప్టెంబర్ 21న ఆయన కన్నుమూశారు. ఇంకో ఆరు రోజులు ఉంటే తొంభై ఏడేళ్లు నిండేవి. రాష్ట్రం వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు. కళ్లారా చూడలేదు. రాష్ట్రం ఏర్పడ్డాక ఉద్యాన విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. 2024లో హైదరాబాద్‌లోని చేనేత సాంకేతిక సంస్థకూ ఆయన పేరే ప్రకటించారు. పుట్టినరోజును ప్రభుత్వమే జరుపుతోంది.

పేరు మిగిలింది, సూత్రం ఏమైంది?

ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవాలి. బాపూజీ కాలంలో నిలబడ్డ సంఘాలన్నీ అదే బలంతో ఇవాళ లేవు. 1976లో ఆప్కో ఏర్పడ్డాక చేనేత బట్ట అమ్మకం ఒకే పెద్ద సంస్థ చేతికి వెళ్లింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో అది టెస్కో అయింది. సంఘాలు తమ బట్టకు కొనేవాణ్ణి వెతుక్కోవడం మాని, పైనుంచి ఆర్డరు ఎప్పుడొస్తుందా, పాత బకాయి ఎప్పుడిస్తారా అని ఎదురుచూడడం అలవాటైంది. షావుకారు స్థానంలో సర్కారు వచ్చి కూర్చుంది, అంతే. మగ్గాలు లేని ఊళ్లలో కూడా రాయితీ కోసం కాగితాల మీద సంఘాలు పుట్టాయి. సంఘాలకు ఎన్నికలు జరగక అధికారుల పాలనలో ఏళ్ల తరబడి నడిచిన కాలమూ ఉంది. సభ్యుడు ఓటు వేయని సంఘం, సభ్యుడు లెక్క అడగని సంఘం పేరుకే సహకారం. కండెలు చుట్టి, ఆసు పోసి సగం పని చేసే ఆడవాళ్లకు సభ్యత్వం ఇవ్వని సంఘాలు కూడా తక్కువేం లేవు. ఆ లోపం మొదటి నుంచీ ఉన్నదే.

సిరిసిల్లనే చూడండి. అక్కడ చేతిమగ్గం పోయి సాంచా వచ్చింది. నూలు కొని పని ఇప్పించే యజమాని పైన, సొంత సాంచాలు పెట్టుకుని కూలికి నేసి ఇచ్చే ఆసామి మధ్యన, ఆ సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడే కార్మికుడు కింద. రెండు వేల సంవత్సరం తర్వాత అక్కడ జరిగిన ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కదిలించాయి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాయి, పని దొరికింది. ఆ ఆర్డర్లు చాలావరకు పరస్పర సహాయక సంఘాల పేరుతోనే వచ్చాయి. కానీ ఆ సంఘాల్లో ఎక్కువమంది యజమానులే. సాంచా నడిపే కార్మికుడికి దక్కింది మజూరీ ఒక్కటే. ఆర్డర్లు ఆగిపోగానే మళ్లీ సాంచాలు ఆగాయి, మళ్లీ ఆకలి కబుర్లు వినిపించాయి. బోర్డు మీద సంఘం అని రాసి ఉన్నంత మాత్రాన పేదరికం పోదని ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

2024లో వేములవాడలో నూలు డిపోకు ప్రభుత్వం శ్రీకారం చుట్టింది. మంచిదే. ఎనభై ఏళ్ల కింద బాపూజీ చెప్పిన మొదటి మెట్టు అదే, నూలు. కానీ ఆ నూలు ఎవరి పేరున వస్తుంది, ఎవరి చేతికి పోతుంది అన్నదే అసలు ప్రశ్న. యజమాని పేరున వస్తే పాత కథే. కార్మికులు, ఆసాములు కలిసి వాటా కట్టుకున్న సంఘం పేరున వస్తే కొత్త కథ మొదలవుతుంది.

ముల్కనూరు ఎందుకు నిలబడింది, మరెన్నో సంఘాలు ఎందుకు పడిపోయాయి అని అడిగితే సమాధానం పెద్ద కష్టం కాదు. అక్కడ సభ్యుడు పంటను సంఘానికే అమ్ముతాడు. తీసుకున్న అప్పు తిరిగి కడతాడు. లెక్కలు సభలో చదువుతారు. సర్కారు సొమ్ము కోసం చేతులు చాచి కూర్చోరు. ఇవి లేకుండా ఎన్ని సంఘాలు రిజిస్టరు చేసినా కార్యాలయాలకు తాళం పడుతుంది, అప్పులు మిగులుతాయి.

మన పాఠకుల్లో చాలా ఇళ్లలో ఇలాంటి వృత్తులే ఉన్నాయి. కరీంనగర్ వెండి తీగ పనివాళ్లు, బీడీ చుట్టే అక్కాచెల్లెళ్లు, దర్జీలు, రంగులు వేసేవాళ్లు, నేతగాళ్లు. ముస్లింలైనా, హిందువులైనా, గోండులైనా, అందరి చేతుల్లో పనితనం ఉంది, ముడిసరుకు మాత్రం పక్కవాడి దగ్గర ఉంది. పదిమంది కలిసి వాటా వేసుకుని ముడిసరుకు కొనుక్కోవడం, కలిసి అమ్ముకోవడం, నెలకోసారి కూర్చుని పైసా పైసాకు లెక్క చూసుకోవడం – దీనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒకరినొకరు నమ్మాలి, ఆ నమ్మకానికి రాతకోతలు కూడా ఉండాలి.

వాంకిడి పద్మశాలి ఇంటి నుంచి వచ్చిన వకీలు జీవితమంతా చెప్పింది ఇంతే. ఆయన విగ్రహానికి ఏటా దండ వేస్తున్నాం. ఆయన పేరు మీద సంస్థలు నడుస్తున్నాయి. ఊరి సంఘానికి ఎన్నికలు జరిపించి, లెక్కలు అడిగి, ఆడవాళ్లను, కార్మికులను సభ్యులుగా చేర్చుకుంటే అదే ఆయనకు సరైన నివాళి. ఆ పని హైదరాబాద్‌లో కాదు, ఊళ్లోనే జరగాలి.